వచ్చిందా అత్తా?

మార్కాపురంలో ఒక ఇంటి ముందుగది. సోమవారం పొద్దున పదకొండు. లాప్‌టాప్ ముందు యోగేష్, గడప పక్కన నేల మీద అతని మేనత్త ఓబులమ్మ. ఫోన్ స్పీకర్‌లో గిద్దలూరు నుంచి జాహ్నవి, అతనితో పాటు అదే కంపెనీలో పనిచేసే అమ్మాయి.

"మళ్ళా అదే మాట! అన్నీ బాగుంటే మల్లయ్య ఐసీయూలో ఎందుకున్నాడు యోగేష్?"

"ఏ మల్లయ్య?"

"దొనకొండ మల్లయ్య. శనివారం కనిగిరి సెంటర్లో డయాలసిస్ చేయించుకోవాల్సిన మనిషి. మెసేజ్ రాలేదని ఇంట్లోనే కూర్చున్నాడంట. నిన్న ఊపిరాడకపోతే ఒంగోలుకు తీసుకుపోయినారు."

"రాలేదని ఆయనంటే అయిపోతుందా జాహ్నవీ? మన సైడు నుంచి పోయింది. ఇదో, నా కండ్ల ముందర కనపడతాంది."

"ఆయనొక్కడే కాదబ్బా. శుక్రవారం మధ్యాహ్నం నువ్వు మెసేజ్‌ల సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఎక్కించినావు. శనివారం మన నాలుగు సెంటర్లకు ముప్పై మంది రావాల. ఎంతమంది వచ్చినారో తెలుసా? ఆరుగురు. నర్సులు ఖాళీ మిషన్ల పక్కన కూర్చొని పోయినారంట."

"ఉండు, ఇంకోసారి చూస్తా. క్లస్టర్లో అయిదు సర్వర్లు, అయిదూ రెడీ. వాటి మీద సాఫ్ట్‌వేర్ పాడ్లు ఇరవై నాలుగు, ఇరవై నాలుగూ నడుస్తున్నాయి. ఒక్కటి కూడా పడి లేవలేదు. హెల్త్ చెక్ గ్రీన్. అంతా గ్రీన్. ఇంకేం చూడమంటావు?"

"ఏందిరా యోగీ, పొద్దున్నుంచి గ్రీను గ్రీను అని ఒకటే అరుపు?"

"ఆపీసు పని అత్తా. నువ్వు మధ్యలో రావాకు."

"ఓయబ్బో! నా ఇంట్లో కూర్చొని నన్నే రావాకంటావా? మా ఇంట్లో నెట్టు సరిగ్గా రాదు, నీ ఇంట్లో బాగొస్తాది అని నువ్వే గదా వచ్చి మకాం పెట్టింది."

"తప్పైంది తల్లీ. రవ్వంత టీ అన్నా పెట్టియ్యి, తల పగిలిపోతాంది."

"నువ్వే పెట్టుకో. కూర్చున్నాక లేవలేకున్నా. కాళ్ళు బరువెక్కినాయి. చెప్పులు కూడా పట్టడం లేదు."

"సాయంత్రం కొత్త చెప్పులు తెద్దాంలే. జాహ్నవీ, ఉన్నావా?"

"ఉన్నా. అత్తకు ఒంట్లో బాగలేదా?"

"బాగుంటాది. అత్తా, ఒంట్లో ఎట్లుంది?"

"బాగుంది."

"చూసినావా, బాగుందంట. నువ్వు చెప్పు."

"ఏందిరా ఆ గొడవ? ఎవురో మల్లయ్య అంటిరి, ఊపిరాడలేదంటిరి."

"ఏం లేదత్తా. కిడ్నీలు పోయినోళ్ళకు రక్తం శుభ్రం చేసే మిషన్లు తక్కువ, మనుషులు ఎక్కువ. ఎవురు ఏ రోజు, ఏ టైముకు రావాలనేది ముందురోజు సాయంత్రం అయిదింటికి మెసేజ్ పోతుంది. మెసేజ్ వస్తేనే రావాల. లేకపోతే పల్లెల నుంచి బస్సులెక్కి వచ్చి..."

"తెలుసు. మెసేజ్ వస్తేనే రావాల."

"నీకెట్ల తెలుసు?"

"రోశమ్మ చెప్పింది."

"పక్కింటి రోశమ్మకెట్ల తెలుసు?"

"దానికి తెలియంది ఏముంది? నువ్వు చెప్పు. ఆ మెసేజ్‌లు పంపేది నువ్వేనా?"

"నేను కాదత్తా, మా సాఫ్ట్‌వేర్. ఒక పెద్ద పనిని ఇరవై నాలుగు డబ్బాల్లో పెట్టినామనుకో. ఒకటి పడిపోతే ఇంకోటి లేస్తుంది. కొత్తది ఎక్కించినప్పుడల్లా డబ్బాలన్నీ ఆరోగ్యంగా ఉన్నాయా లేదా అని నేను చూడాల. అదే నా పని."

"ఎట్ల చూస్తావు?"

"అడుగుతాం. ప్రతి డబ్బానూ పది సెకండ్లకోసారి 'బాగున్నావా' అని అడుగుతాం. 'బాగున్నా' అంటుంది. అంటే గ్రీను."

"అదే చెప్తాదా, బాగున్నానని?"

"ఆ."

"దాని మాట నువ్వు నమ్ముతావా?"

"నమ్మక ఏం చేయాల?"

"ఓరి నీ చదువు పాడుగాను! పలకల ఫ్యాక్టరీలో నేను ముప్పై ఏండ్లు చేసినా. పలకను పట్టుకొని 'బాగున్నావా తల్లీ' అని అడిగినామనుకున్నావా? ఎడమ చేత్తో కొసన పట్టుకొని, కుడిచేతి మెటికతో కొట్టాల. ఖంగుమంటే పెట్టెలోకి. బొద్దుమంటే లోపల చీలిక ఉన్నట్టు, పక్కకు. పైకి చూస్తే నున్నగా నల్లగా రెండూ ఒకటే. రోజుకు వేలు కొట్టేదాన్ని. చూడు, ఈ మెటికలు ఎట్లయినాయో."

"అత్తా, పలకలు వేరు, ఇది వేరు."

"అత్త చెప్పేది రైటు యోగేష్. నేను అడిగేది కూడా అదే. కొట్టి చూసినావా? డబ్బాలు ఏమంటున్నాయో నాకొద్దు. మెసేజ్ అందిందా?"

"పంపినట్టు ఉంది. ముప్పైకి ముప్పై పంపినట్టు."

"పంపినట్టా, అందినట్టా?"

"పంపినట్టు. అందినట్టు మనకు యాడ తెలుస్తుంది? దానికే గదా నేను అత్త ఫోన్ పెట్టుకున్నది."

"అది చేసినావా శుక్రవారం?"

"ఎందుకు చేయను! రెండేండ్ల నుంచి ఏ వెర్షన్ ఎక్కించినా చివరికి చేసేది అదే. ఉత్తుత్తి పేషెంట్ ఒకడిని పెట్టి, వానికి అత్త నంబరిచ్చినా. అయిదింటికి అందరితో పాటు వానికీ మెసేజ్ పోతుంది. 'వచ్చిందా అత్తా' అని అడుగుతా. 'వచ్చింది' అంటుంది. టిక్కు పెడతా."

"శుక్రవారం వచ్చిందన్నదా?"

"అనింది. ఇంకా నవ్వొచ్చేదేందంటే, 'పోవాల్నా?' అని కూడా అడిగింది!"

"ఎవురు, అత్తనా?"

"ఆ! రెండేండ్ల నుంచి వస్తున్నాయి, ఏనాడూ అడగలేదు. ఉత్తదే అత్తా, యాడికీ పోవద్దు, ఇంట్లో హాయిగా పడుకో అన్నా."

"నవ్వుకోండి నాయనా, నవ్వుకోండి."

"కోపం తెచ్చుకోవాకత్తా. జాహ్నవీ, మన మేనేజరు క్రాంతి కుమార్ సారు పన్నెండు లోపల మెయిల్ పెట్టమన్నాడు. నేను రాసేసినా. విను. 'శుక్రవారం కొత్త వెర్షన్ తర్వాత క్లస్టర్ పూర్తి ఆరోగ్యంగా ఉంది. మెసేజ్‌లు అన్నీ పంపబడ్డాయి. నిజమైన ఫోన్‌లో సరిచూడబడింది. ఇరవై నాలుగు మంది పేషెంట్లు తమ నిర్లక్ష్యం వల్ల హాజరు కాలేదు.'"

"నిర్లక్ష్యమా?"

"ఆ మాట సారు చెప్పింది. నాది కాదు."

"రాసేది నువ్వు గదా! యోగేష్, రవ్వంత ఆగు. నన్ను ఒక అరగంట చూడనీ."

"ఆగితే ఏమైతుందో తెలుసా నీకు? తప్పు మనదని తేలితే మొదట పోయేది నేను. హైదరాబాదులో ఆపీసు ఉంటే మార్కాపురంలో కూర్చొని చేస్తానన్నోడి మీద అందరికీ కండ్లే. టెస్ట్ చేసింది నేను, సంతకం నాది. ఇల్లు ఎట్ల నడవాల?"

"మల్లయ్యది?"

"మల్లయ్యను నేను పండబెట్టినానా? మెసేజ్ పోయినా రారు జాహ్నవీ. నాకు తెలుసు ఈ జనం. చేనుంది, పెండ్లుంది, బస్సు తప్పిపోయింది. ఏదో ఒకటి."

"ఒరే యోగీ."

"ఏందత్తా?"

"సూదులు పొడిపించుకొని నాలుగ్గంటలు పడుకునేదానికి ఎవురికీ ముచ్చట ఉండదు. ఒళ్ళు కొవ్వెక్కి ఎవురూ మానుకోరు. రమ్మంటే ఏడ్చుకుంటా పోతారు. వద్దంటే, పోనీ ఈ పొద్దుకు బతికినా అనుకొని ఉంటారు. అంతే. నిర్లక్ష్యం అని రాయొద్దు."

"నువ్వు పోయి చూసినట్టే చెప్తావే! ఆ చెంబులో నీళ్ళు తాగు, చల్లబడతావు."

"నాకొద్దు. నీళ్ళు ఎక్కువ తాగొద్దన్నారు."

"ఎవురు?"

"రోశమ్మ."

"ఆ రోశమ్మ డాక్టరైందా ఇప్పుడు? సరే. పంపేసినా జాహ్నవీ. మెయిల్ పోయింది."

"అప్పుడేనా? ఆగమంటి గదా!"

"పోయింది. రాని ఇరవై నాలుగు మంది జాబితా కూడా జత చేసినా. వాళ్ళ పేర్లు వెయిటింగ్ లిస్టు చివరికి దించుతారంట. వాళ్ళ స్థలాలు వేరే వాళ్ళకిస్తారు."

"చివరికంటే ఎన్నాళ్ళు?"

"నెలో, ఇంకా ఎక్కువో. నాకు తెలియదు."

"నెల్రోజులు ఎవురు బతుకుతారు యోగేష్? ఆ పేర్లన్నా చదివినావా?"

"సిస్టమ్ ఇచ్చింది, జత చేసినా. కూర్చొని పేర్లు చదివేదానికి టైము యాడుంది?"

"యోగీ, మీ కంప్యూటర్లో అందరి పేర్లూ ఉంటాయా?"

"ఉంటాయత్తా."

"నీకు కనపడతాయా?"

"కనపడతాయి. పోయినసారి చెప్పినా గదా, ఎవురిదైనా చూడొచ్చు."

"చూస్తావా మరి?"

"నేనెందుకు చూస్తా? నాకు గ్రీనా, రెడ్డా, అంతే కావాల్సింది."

"ఓహో. చూడవా."

"యోగేష్, ఒక నిమిషం. వచ్చిన ఆరుగురి రికార్డులు తెరిచినా. చేరిన తేదీలు చూడు. మూడో తేదీ, ఆరు, ఏడు, తొమ్మిది, తొమ్మిది, పన్నెండు. అందరూ ఈ నెలలో చేరినోళ్ళే!"

"అయితే?"

"రాని వాళ్ళంతా పాతోళ్ళు. మల్లయ్యది రెండేండ్ల కింది రికార్డు. ఇదో... ఇదో చూడు! పాత రికార్డుల్లో ఫోన్ నంబరు ముందర దేశం కోడు తొంభై ఒకటి లేదు. ఈ నెల నుంచి చేర్చుకునే వాళ్ళకు ఉంది. పాత వెర్షన్ అయితే, కోడు లేకున్నా తనే కలుపుకొని పంపేది. కొత్త దాంట్లో ఆ లైను తీసేసినారు."

"తీసేస్తే ఎర్రర్ రావాల గదా?"

"ఏం రాదు. దిక్కులేని నంబరుకు పంపి, పంపినా అని రాసుకుంటాంది. డబ్బా బాగుంది, అడిగితే బాగున్నా అంటుంది. గ్రీను!"

"కాదు. కాదు జాహ్నవీ. ఆగు. రాని వాళ్ళంతా పాతోళ్ళేనా? అందరూ?"

"అందరూ... ఉండు. ఈ నెలలో చేరినోళ్ళు ఏడుగురు. ఆరుగురు వచ్చినారు. ఒకరు మటుకు రాలేదు."

"చూసినావా! కొత్త రికార్డు, తొంభై ఒకటి ఉంది, మెసేజ్ అంది ఉంటుంది. అయినా రాలేదు. నిర్లక్ష్యం అంటే ఇదే. సారు చెప్పింది అబద్ధమేం కాదు."

"ఒకరి మాట పట్టుకొని ఇరవై మూడు మందిని..."

"ఇంకోటి కూడా విను. నువ్వు చెప్పేదే నిజమైతే అత్తకు మెసేజ్ రాకూడదు. టెస్ట్ పేషెంట్‌ను నేను పెట్టింది రెండేండ్ల కింద. దాంట్లో కూడా తొంభై ఒకటి లేదు. కానీ వచ్చింది! అయిదింటికి వచ్చింది. కాబట్టి నీ లెక్క తప్పు."

"టెస్ట్ రికార్డులో లేదా? నిజంగా?"

"లేదు. తెరిచి చూస్తున్నా. పది అంకెలే ఉన్నాయి."

"మరి ఎట్ల వచ్చింది?"

"అదే నేను చెప్పేది."

"అత్తకు నిజంగా వచ్చిందా? నువ్వు చూసినావా?"

"అత్త చెప్పింది గదా!"

"నువ్వు చూసినావా అంటున్నా."

"చూడలేదు. రెండేండ్లలో ఎప్పుడూ చూడలేదు. అడుగుతా, చెప్తుంది."

"అంటే నువ్వు కూడా అదే చేసినావు. బాగున్నావా అంటే బాగున్నా."

"వెటకారం వద్దు జాహ్నవీ. అత్తా, శుక్రవారం మెసేజ్ వచ్చిందని చెప్తివా లేదా?"

"చెప్పినా."

"నిజంగా వచ్చిందా? లేక నా పోరు పడలేక వచ్చిందంటివా?"

"నేను అబద్ధం చెప్పేదాన్నా రా? టింగుమనింది. వచ్చింది."

"ఎన్ని వచ్చినాయి?"

"ఒకటే. రెండు వస్తాయేమో అని చాలాసేపు పక్కనే పెట్టుకొని చూసినా. ఒకటే వచ్చింది."

"రెండెందుకు వస్తాయి?"

"టీ కావాలంటివి గదా, పోయి పెట్టుకో."

"అత్తా, నీకు ఒకటే పంపేది నేను. రెండెందుకు వస్తాయి?"

"ఏమో. నాకేం తెలుసు?"

"యోగేష్, ఆ ఫోన్ తీసుకొని మెసేజ్ చదువు. నువ్వే చదువు."

"ఫోన్ ఇయ్యత్తా. చూసినాక తీసెయ్ అంటా గదా ప్రతిసారీ, ఆ మెసేజ్ తీసేసినావా?"

"తీసేసేది నాకు తెలిస్తే గదా. చదువు వచ్చుంటే నేను పలకలు ఎందుకు కొడతా? ముప్పై ఏండ్లు ఊరందరి పిల్లోళ్ళకు పలకలిచ్చినా, నాకు ఒక అక్షరం రాలేదు. ఇదో, తీసుకో. ఏం రాసిందో నువ్వే చదివి చెప్పు."

"ఉంది జాహ్నవీ. శుక్రవారం, అయిదు గంటల రెండు నిమిషాలు. చెప్పినా గదా, వచ్చింది!"

"చదువు."

"చదువుతున్నా. 'ఓబులమ్మ గారూ, మీ డయాలసిస్ శనివారం ఉదయం ఏడు గంటలకు, మార్కాపురం సెంటర్, మూడో బెడ్. దయచేసి...'"

"ఓబులమ్మ గారూనా?"

"ఆ."

"టెస్ట్ పేషెంట్ పేరు ఏం పెట్టినావు నువ్వు?"

"టెస్ట్ ఒకటి."

"మరి ఓబులమ్మ అని ఎవురు పెట్టినారు?"

"నేను పెట్టలేదు. నువ్వేమన్నా మార్చినావా?"

"నేనెందుకు మారుస్తా? యోగేష్... అత్త పేరేంది?"

"ఓబులమ్మ."

"వయసు?"

"యాభై ఎనిమిదో, తొమ్మిదో. ఎందుకు?"

"రవ్వంత ఉండు."

"ఎందుకడుగుతున్నావు జాహ్నవీ?"

"ఈ నెలలో చేరినోళ్ళు ఏడుగురన్నా గదా. ఒకరు రాలేదన్నా గదా."

"చెప్పు."

"ఓబులమ్మ. యాభై ఎనిమిది. మార్కాపురం. పదకొండో తేదీ చేరింది. తోడు వచ్చినవారు, రోశమ్మ. మొదటి డయాలసిస్ శనివారం ఏడింటికి. రాలేదు. నంబరు చదవాల్నా?"

"వద్దు."

"నీ టెస్ట్ మెసేజ్ అందనేలేదు, అత్తకు వచ్చింది ఆమె సొంత మెసేజే. నువ్వు పంపిన జాబితాలో పద్నాలుగో పేరు."

"వద్దన్నా గదా!"

"సారుకు ఫోన్ చేస్తా యోగేష్. ఆ మెయిల్ వెనక్కు తీసుకోమని, తప్పు మనదని నేనే చెప్తా. సాయంత్రం అయిదు లోపల ఆ లైను పెట్టకపోతే రేపటోళ్ళకు కూడా పోవు. నువ్వు అత్తను తీసుకొని ముందు సెంటర్‌కు పో. పోతున్నావా? యోగేష్?"

"అత్తా."

"ఏంది నాయనా?"

"నీకు... ఎప్పటి నుంచి?"

"రెండు నెలలు. మొదట కాళ్ళు వాచినాయి. తర్వాత అన్నం సయించలేదు. రోశమ్మ పిల్చుకొని పోయింది. పెద్ద డాక్టరు చూసి, రెండూ పోయినాయి, ఇంక మిషనే అన్నాడు. మెసేజ్ వస్తాది, వస్తే రా అన్నాడు."

"రోజూ నీ పక్కనే కూర్చుంటి గదా అత్తా! ఈ గదిలోనే ఉంటి గదా! నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పేదేముంది? పేరు రాసుకునేటప్పుడు కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాం అన్నారు. యోగీ చేసేది ఆ కంప్యూటర్లోనే గదా, చూసే ఉంటాడు అనుకున్నా. రోజూ ఎట్లుందత్తా అని అడుగుతాంటివి గదా."

"నేను ఊరికే అడిగితి అత్తా."

"నేను నిజమే అనుకున్నా."

"శనివారం ఎందుకు పోలేదు? చెప్పు. మెసేజ్ వచ్చిందని తెలుసు గదా నీకు. ఎందుకు పోలేదు?"

"కొత్త చీర కూడా తీసి పెట్టుకున్నా నాయనా, పొద్దున్నే పోవాలని. పోవాల్నా అని నిన్ను అడిగితి. ఉత్తదే, యాడికీ పోవద్దు, పడుకో అంటివి. అందరివీ కనపడే మనిషివి గదా, నాకు ఇంక జబ్బేమీ లేదని నీకు తెలిసే వద్దన్నావనుకొని, ఆ పొద్దు కడుపు నిండా నీళ్ళు తాగి నిద్రపోయినా."